గుమాస్తా తలపు: క్షయ నివారణ ముద్ర చరిత్ర

దానధర్మములు మన తెలుగువారికి క్రొత్తవి కావు. బాటసారులకు సత్రము కట్టించుట, వేసవిలో చలివేంద్రము పెట్టించుట, ఊరికి చెరువు త్రవ్వించుట మున్నగునవి మన శాసనములలో తరతరములుగ చెక్కబడి యున్న పుణ్యకార్యములు. అయితే ఆ శాసనములలో కానవచ్చు దాత తరచుగ ఒక్కడే. అతడు రాజో, సామంతుడో, వర్తకశ్రేష్ఠియో అయి యుండును. దానముతోపాటు దాత పేరును శిలపై నిలిచెడిది. చిన్న జీతము గలవారు వేలకొలది కలిసి, తమ పేరు ఎచ్చటను చెక్కబడదని తెలిసియు, తామెన్నడు చూడని రోగి కొరకు ఏటేట ఒక చిన్న నాణెము నిచ్చుట వేరొక జాతి దానము. ఇట్టి దానమునకు ఈ యుగమున ఒక ప్రసిద్ధమైన మార్గమును చూపినవాడు మహారాజు కాడు, మఠాధిపతి కాడు. తపాలా కార్యాలయములో ఉత్తరములు వేరుచేసెడి ఒక గుమాస్తా. ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు ఉద్దేశింపబడిన ఈ సంచికలో ఆతని తలపు చరిత్రను, అది మన దేశమునకు వచ్చి చేసిన పనిని, చేయజాలని పనిని స్మరించుట సముచితమని తలచుచున్నాను.

డెన్మార్కులో పుట్టుక

ఆ గుమాస్తా పేరు ఐనార్ హోల్బోల్. డెన్మార్కు దేశమున కోపెన్‌హేగన్ నగర సమీపముననున్న ఒక తపాలా కార్యాలయములో పనిచేయుచుండెను. 1903వ సంవత్సరము డిసెంబరు నెలలో క్రిస్మసు శుభాకాంక్షల ఉత్తరములు కుప్పలుగ వచ్చిపడుచుండగా ఆతనికి ఒక ఆలోచన తోచెను. ఈ ఉత్తరములలో ప్రతిదానిపైనను తపాలాబిళ్ళకు తోడుగ మరియొక చిన్న బిళ్ళను అంటించి, దాని వెలను రోగులైన బిడ్డల కొరకు వినియోగించినచో ఎంత ధనము సమకూడును! ఒక్కొక్కరికి అది లెక్కలోనికి రాని వెల. అందరిదియు కలిసినచో అది ఒక ఆస్పత్రి.

ఆతడు తన పైయధికారులకు ఈ సంగతి విన్నవించెను. వారు దానిని త్రోసివేయలేదు. విషయము రాజు తొమ్మిదవ క్రిస్టియన్ వరకు పోయెను. ఆయన సమ్మతించి, దివంగతురాలైన తన రాణి లూయీ చిత్తరువును ఆ బిళ్ళపై వేయుట కంగీకరించెను. 1904వ సంవత్సరపు క్రిస్మసునకు బిళ్ళ వెలువడినది. వెల రెండు ఓర్లు. ఆ దేశమున నూరు ఓర్లు ఒక క్రోను. తొలియేటనే నలువది లక్షలకు పైగ బిళ్ళలు అమ్ముడుపోయెను. ఆ ధనముతో కోల్డింగ్ పట్టణమున బిడ్డల కొరకు నిర్మింపబడిన ఆరోగ్యాలయము 1911లో తెరువబడినది.

ఆలోచన ఉత్తరముతోపాటు ప్రయాణము చేసినది. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన జేకబ్ రీస్ అను పత్రికారచయితకు స్వదేశము నుండి వచ్చిన ఉత్తరముపై ఈ బిళ్ళ కానవచ్చెను. ఆయన సోదరులలో ఆరుగురు క్షయకు ఆహుతి యైనవారు. ఆయన 1907లో ఈ బిళ్ళను గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. అదే సమయమున డెలావేర్ రాష్ట్రములో ఒక చిన్న ఆరోగ్యాలయము ధనము లేక మూతపడు స్థితిలో నుండెను. దానిని నిలుపుటకు 300 డాలర్లు కావలసియుండగా, ఎమిలీ బిస్సెల్ అను మహిళ రీస్ వ్యాసమును చదివి, తానే బిళ్ళను చిత్రించి, ఒక్కొక్కటి ఒక సెంటునకు అమ్మించెను. 300 కోరగా 3,000 డాలర్లు వచ్చినవి. అటుపై ఈ పద్ధతి దేశదేశములకు వ్యాపించెను. ఈ ముద్రలపై కానవచ్చు రెండు అడ్డగీతల శిలువగుర్తు 1902లో బెర్లిన్ నగరమున జరిగిన అంతర్జాతీయ సభలో క్షయ నివారణోద్యమమునకు చిహ్నముగ స్వీకరింపబడినది.

మదనపల్లెకు వచ్చిన డేనిష్ వైద్యుడు

క్షయరోగమునకు కారణమైన క్రిమిని రాబర్ట్ కోక్ 1882 మార్చి 24న లోకమునకు వెల్లడించెను. కారణము తెలిసినను, మందు దొరకుటకు మరి ఆరు దశాబ్దములు పట్టినది. ఆ నడుమ వైద్యులకు తెలిసిన చికిత్స మూడు మాటలలో ఇమిడియున్నది: మంచిగాలి, మంచితిండి, విశ్రాంతి. వీనిని ఒక్కచోట కూర్చిన స్థలమే ఆరోగ్యాలయము. మన దేశమున ఇట్టిది మొదట 1906లో అజ్మీరు సమీపముననున్న తిలౌనియాలో వెలసెను.

తెలుగునాట ఈ చరిత్రకు కేంద్రము రాయలసీమలోని మదనపల్లె. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున, పొడిగాలి వీచు ఆ ప్రదేశమున పలు క్రైస్తవ మిషను సంఘములు కలిసి 1912లో క్షయ చికిత్సాలయమును నెలకొల్పినవి. 1915లో అది పట్టణము వెలుపలి స్వంత స్థలమునకు మారినది. ఆ స్థలమునకే ఆరోగ్యవరమని పేరు. దానిని తీర్చిదిద్దిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. ఈయనయు డెన్మార్కు దేశస్థుడే. గుమాస్తా హోల్బోల్ ముద్రను కనిపెట్టిన దేశము నుండియే మన రాయలసీమకు క్షయవైద్యుడు వచ్చుట గమనింపదగినది. దక్షిణదేశపు నలుమూలల నుండియు రోగులు అచ్చటికి చేరుచుండిరి. శిక్షణ పొందగోరిన వైద్యులును చేరుచుండిరి.

తెలంగాణములో నిజాము పాలనాకాలముననే వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలపై ఆరోగ్యాలయము వెలసినది. గుంటూరు ప్రాంతమున మంగళగిరిలో మరియొకటి యుండెను. ఆ భూమిలోనే నేడు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిలిచియున్నది.

సంఘ స్థాపన, ముద్ర ప్రచారము

1930వ దశకము చివర, అప్పటి వైస్రాయి భార్య లేడీ లిన్‌లిత్‌గో క్షయ నివారణ నిధికై దేశమంతటికి విజ్ఞప్తి చేసిరి. సమకూడిన ధనముతో 1939 ఫిబ్రవరిలో భారత క్షయ నివారణ సంఘము ఢిల్లీలో ఏర్పడినది. దానికి వైద్య కమిషనరుగ పిలువబడినవారు మదనపల్లె ఫ్రిమోట్ మోలరే. 1940లో న్యూఢిల్లీ క్షయ కేంద్రము, 1941లో కసౌలీ కొండలపై ఆరోగ్యాలయము ఈ సంఘము పూనికతో వెలసినవి. అటుపిమ్మట భారత ప్రభుత్వమునకు క్షయ విషయమున సలహాదారుగ పనిచేసిన డాక్టరు పి. వి. బెంజమిన్ కూడ ఆరోగ్యవరము నుండి వచ్చినవారే. ఇట్లు రాయలసీమలోని ఒక ఆస్పత్రి ఢిల్లీలోని జాతీయ సంస్థకు పురిటిల్లు వంటిదైనది.

స్వాతంత్ర్యానంతరము రాజకుమారి అమృత్ కౌర్ కేంద్ర ఆరోగ్యశాఖ మంత్రిణిగను, ఈ సంఘమునకు అధ్యక్షురాలిగను ఉండిరి. ఆ కాలముననే, 1950వ సంవత్సరమున, దేశవ్యాప్తముగ క్షయ ముద్రల ప్రచారము ప్రారంభింపబడినది. ప్రజలు వాడుకలో టీ.బీ. సీలు అనెడిది ఇదియే. డెన్మార్కులో క్రిస్మసు నెంచుకొనిరి. మన దేశమున అన్ని మతములవారికి సమానమైన పర్వములు కావలెను గనుక అక్టోబరు 2, గాంధీజయంతి నాడు ప్రారంభించి, జనవరి 26, గణతంత్ర దినమున ముగించునట్లు ఏర్పాటు చేసిరి. ఆనాటి నుండి ఏడు దశాబ్దములకు పైగ ఈ వార్షిక కార్యము సాగినది.

పని పద్ధతి సులభము. సంఘము ప్రతి సంవత్సరము క్రొత్త చిత్రముతో ముద్రలను అచ్చొత్తించును. రాష్ట్ర సంఘములు, వాని ద్వారా జిల్లా సంఘములు వానిని తీసికొనును. పాఠశాలలు, కార్యాలయములు, కర్మాగారములు, బ్యాంకులు అమ్మకమునకు తోడ్పడును. ఈ ముద్రకు తపాలా విలువ లేదు. తపాలాబిళ్ళకు తోడుగ అంటించుటకే గాని బదులుగ అంటించుటకు గాదు. వచ్చిన ధనము పేదరోగులకు మందులు, పుష్టికరమైన ఆహారము, ఆస్పత్రికి పోవు దారిఖర్చు, ప్రజలకు వ్యాధిని గూర్చి బోధన మున్నగు పనులకు వినియోగపడును. ప్రభుత్వపు పద్దులలో ఇమడని చిన్న అవసరములకు ఈ చిల్లర ధనము అక్కరకు వచ్చుట దీని విశేషము.

కొరత పడిన మంచములు

అయితే, ఈ దానము ఏ కొండను కదలింప పూనుకొనెనో తెలియవలెనన్న కొన్ని అంకెలు చూడవలెను. 1946లో వెలువడిన భోర్ సంఘపు నివేదిక లెక్క ప్రకారము మన దేశమున నాడు సుమారు 25 లక్షల మంది క్షయరోగులు. ఏటేట చనిపోవువారు 5 లక్షలు. ఆస్పత్రులలో వారికున్న మంచములు సుమారు 6,000 మాత్రమే. అనగా ఒక్క మంచమునకు నాలుగువందల మందికి పైగ రోగులు. మంచము దొరకినవాడు భాగ్యవంతుడు. అది దొరకని కూలివాడు తన గుడిసెలో, తన బిడ్డల నడుమ, దగ్గుచు పడియుండవలసినదే. దానపు సొమ్ముతో ఎన్ని మంచములు వేసినను ఈ లోటు తీరెడిది కాదు.

ఈ చిక్కుముడిని విప్పినది తెలుగువారి పొరుగున, మద్రాసు నగరమున జరిగిన ఒక పరిశోధన. 1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ అను మందులు వచ్చినవి. 1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రము ఏర్పడినది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి దానికి చేయూత నిచ్చినవి. వాలేస్ ఫాక్స్ అను వైద్యుని నాయకత్వమున 193 మంది పేదరోగులను రెండు భాగములు చేసి, కొందరికి ఆరోగ్యాలయములోను, కొందరికి వారి యిండ్లలోనే ఉంచియు ఒక సంవత్సరము ఒకే మందుల నిచ్చిరి. ఇంటనున్నవారి తిండి హీనము, విశ్రాంతి తక్కువ, ఇల్లు ఇరుకు. అయినను 1959లో వెలువడిన ఫలితములను బట్టి ఇంటి చికిత్స ఆరోగ్యాలయ చికిత్సకు దాదాపు సమానముగ ఫలించినది. ఇంటివారికి వ్యాధి సోకుట కూడ అధికము కాలేదు. ఆ ఫలితము పేదదేశముల రోగుల కందరకు తలుపు తెరచినది. మంచము లేనంత మాత్రమున మరణము తప్పదను మాట నాటితో చెల్లకపోయెను.

దానితో ముద్రధనము పోవలసిన దారియు మారెను. గోడలకును మంచములకును గాక, మందు మధ్యలో మానకుండ రోగిని కనిపెట్టి యుండుటకు ధనము కావలసివచ్చెను. 1962లో జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమము జిల్లాలను కేంద్రములుగ జేసికొని ప్రారంభమైనది.

అజ్ఞానమెవరిది?

ఈ చరిత్రలో చదువుకొన్నవారు, ప్రత్యేకించి ఉద్యోగులైన మనము, మరువరాని ఘట్టమొకటి కలదు. క్షయ పల్లెలలో తగ్గకుండుటకు గ్రామీణుల అజ్ఞానమే కారణమని పట్టణవాసులు చాలకాలము నమ్మిరి. 1955 నుండి 1958 వరకు జరిగిన జాతీయ సర్వేక్షణము వలన క్షయ పట్టణములలో ఎంతయో పల్లెలలోను ఇంచుమించు అంతయే యని తేలినది. అటుపిమ్మట బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థవారు తుమకూరు జిల్లా పల్లెలకు పోయి విచారించిరి. 1963లో ప్రకటింపబడిన ఆ విచారణ ఫలితము ఆశ్చర్యకరమైనది. రోగులలో అధికసంఖ్యాకులకు తమ ఒంటిలో ఏదో కీడున్నదని తెలియును. దాదాపు సగము మంది అప్పటికే ఏదో ఒక వైద్యశాలకు పోయి తమ దగ్గును చెప్పుకొనియే యున్నారు. అచ్చట వారి కఫమును పరీక్షింపక, దగ్గుమందు సీసా చేతికిచ్చి పంపివేసిరి.

ఈ సంగతిని నిదానముగ ఆలోచింపవలెను. రోగి కూలి మానుకొని, కాలినడకన వచ్చి, వరుసలో నిలిచి, తన మాట చెప్పెను. వినవలసినవారు వినలేదు. లోపము పల్లెలో గాక బల్లకు ఇవతల నున్నది. ఇది వైద్యశాలకు మాత్రమే సంబంధించిన నీతి గాదు. బల్లకు ఇవతల కూర్చుండి ఎదుటివాని అర్జీని అందుకొనెడి ప్రతివారికిని సంబంధించినది. దానము చేయుటకు హృదయము చాలును; సేవ చేయుటకు వినెడి చెవియు కావలెను.

తిండి, కుటుంబము

క్షయ పేదల వ్యాధి యని పెద్దలెప్పుడో చెప్పిరి. ఆ మాటలోని నిజము ఇటీవల అంకెలతో రుజువైనది. ఝార్ఖండ్ రాష్ట్రమున నాలుగు జిల్లాలలో 2,800 మంది రోగుల కుటుంబములపై జరిగిన పరిశోధన ఫలితములు 2023లో వెలువడినవి. రోగులందరికిని మందుతోపాటు ఆహారము నిచ్చిరి. సగము కుటుంబములలో మాత్రము రోగితోపాటు ఇంటివారికి కూడ నెలనెల బియ్యము, పప్పు మున్నగునవి ఇచ్చిరి. అట్లు తిండి అందిన ఇండ్లలో క్రొత్తగ క్షయ సోకుట సుమారు 40 శాతము తగ్గినది. ఇతరులకు అంటెడి ఊపిరితిత్తుల క్షయ ఇంచుమించు సగమైనది. చికిత్స తొలి రెండు నెలలలో బరువు పెరిగిన రోగులలో మరణములును చాల తగ్గినవి.

మద్రాసు పరిశోధనకును దీనికిని విరోధము లేదు. ఇంటనున్న పేదరోగి సయితము మందుతో కోలుకొనునని మద్రాసు చూపినది. ఆ రోగి ప్రక్కన కూర్చుండి తినెడి బిడ్డను కాపాడునది కంచములోని పప్పన్నమని ఝార్ఖండ్ చూపినది. మందు ప్రభుత్వము ఉచితముగ నిచ్చుచున్నది. 2018 ఏప్రిలు నుండి రోగికి ఆహారము కొరకు నెలకు 500 రూపాయలును, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలును ఇచ్చు పథకము అమలులోనికి వచ్చినది. 2022 సెప్టెంబరులో, పౌరులును సంస్థలును రోగులను దత్తత గైకొని ఆహారపు పొట్లముల నిచ్చు నిక్షయ మిత్ర పద్ధతి ప్రారంభమైనది. వేయిమంది చిన్నదాతల చేతులు కలిపిన హోల్బోల్ ఆలోచన వేరొక రూపమున తిరిగి వచ్చినట్లు దీనిని భావింపవచ్చును.

ఇంత జరిగినను పని ముగియలేదు. ప్రపంచములోని క్షయరోగులలో నాలుగవ వంతు మన దేశముననే యున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2015లో లక్ష జనాభాకు 237 మందికి క్రొత్తగ వ్యాధి కలుగుచుండగా, 2023 నాటికి అది 195కు తగ్గినది. తగ్గుట నిజము. 2025 నాటికి వ్యాధిని తుదముట్టింపవలెనను దేశ సంకల్పమునకు ఆ తగ్గుదల చాలలేదనుటయు నిజమే.

మన కర్తవ్యము

ప్రభుత్వోద్యోగులకు ఈ వ్యాధి విషయమున ఒక రక్ష కలదు. 1972 నాటి కేంద్ర సెలవు నిబంధనల ప్రకారము, ఒక సంవత్సరము కొలువు నిండిన తాత్కాలికోద్యోగి సైతము గుర్తింపు పొందిన ఆరోగ్యాలయమున ఊపిరితిత్తుల క్షయకు చికిత్స పొందునపుడు 18 నెలల వరకు అసాధారణ సెలవు పొందవచ్చును. జీతము రాకపోయినను ఉద్యోగము నిలుచును. భవన నిర్మాణమున ఇటుకలు మోయు కూలికి, బీడీలు చుట్టు స్త్రీకి, ఇండ్లలో అంట్లు తోము అమ్మకు ఇట్టి నిబంధన ఏదియు లేదు. ఒక్కనాడు పనికి పోనిచో ఆ పూట పొయ్యి వెలుగదు. అందుచే దగ్గును దాచుకొందురు. జబ్బు పేరు తెలిసినచో పని పోవునని, కూతురి పెండ్లి తప్పిపోవునని భయపడుదురు. మందు ఉచితమైనను ఈ భయమునకు మందు దుకాణములలో దొరకదు.

ముద్ర కొనుటలోని అసలు ప్రయోజనము ఇచ్చటనే యున్నదని నా అభిప్రాయము. దాని వెలతో ఎంతమందికి తిండి దొరకునో లెక్కింపవచ్చును. దాచవలసిన వ్యాధి పేరును పదిమంది చూచు కవరుపై బహిరంగముగ అంటించుట వలన కలుగు మేలును లెక్కింపజాలము. ఇది సిగ్గుపడవలసిన పాపము గాదు, చికిత్సతో పోవు జబ్బు అని ఆ చిన్న కాగితము నోరు లేకయే చెప్పును. ఉత్తరములు వ్రాయుట తగ్గిన ఈ దినములలో ఆ మాటను మన నోటితోనే చెప్పవలసియున్నది. రెండు వారములకు మించి దగ్గుచున్న పనిమనిషిని మాన్పించుటకు బదులు కఫపరీక్షకు తోడ్కొనిపోవుట, చికిత్స పొందు సహోద్యోగితో కలిసి భోజనము చేయుట, ఆరు నెలల మందును మధ్యలో మానకుండ గుర్తుచేయుట, ఒక కుటుంబమునకు ఆరు నెలలు పప్పుబియ్యము చేర్చుట — ఇవియు ముద్రలే.

హోల్బోల్ 1927లో దివంగతుడయ్యెను. ఆతని వద్ద ధనము లేదు, అధికారము లేదు. ఉన్నదల్లా తన బల్లమీదికి దినదినము వచ్చిపడు పని, ఆ పనిని చూచుచు ఇతరుల కష్టమును తలచిన మనస్సు. ఆ రెండును మన కార్యాలయములలో ఎవరికిని కొరవడినవి కావు. మన సమాజ సభ్యులలో ప్రతి కుటుంబమును ఈ సంవత్సరము ఒక్క రోగి కుటుంబమునకు తోడుగ నిలిచినచో, రాయలసీమ గడ్డపై ఒక పరదేశి వైద్యుడు ప్రారంభించిన పనిని ఇంకొక అడుగు ముందునకు నడపినవార మగుదుము.